బొత్తాం చక్రం బండి

పోయిన వారం కథలో మామ బల్ల మీద ఒక బండి పెట్టాడు. దాన్ని చూసి అల్లుడు నవ్వాడు. మామ నవ్వలేదు. అక్కడ ఆగాం.

ఆ బండి బొమ్మకారు. అరచేతిలో పడుతుంది. పాత కార్లు కొని, బాగుచేసి అమ్మే ఆ షెడ్డులో అంత చిన్న బండి ఎన్నడూ బల్ల ఎక్కలేదు. మామ పెట్టిన షరతు కూడా చిన్నదే. ప్రతి బండికీ చేసినట్టే దీనికీ చెయ్యాలి. కడగాలి, తుడవాలి, మెరుగు పెట్టాలి, ఆఖర్న దాని లోపాలన్నీ నోటితో చెప్పాలి. ఒక్కటీ వదలకుండా చెబితే అల్లుడు పెళ్ళాన్ని తీసుకుని వెళ్ళిపోవచ్చు. పొరుగూళ్ళో కొత్త కార్ల కంపెనీవాళ్ళు పనిస్తామన్నారు. సాయంత్రం బస్సు ఉంది. సంచులు సర్ది గుమ్మం పక్కన పెట్టి ఉన్నాయి. ఒక్క లోపం వదిలినా ఉండిపోవాలి. మామ బతికున్నన్నాళ్ళూ.

వెళ్ళే కాళ్ళు తనవే అయినప్పుడు మామ మాట ఎందుకంటారా? ఇల్లరికం వచ్చిననాడు నలుగురి ముందు తనే అన్నాడు, "మీరు వెళ్ళమంటే తప్ప వెళ్ళను మామయ్యా" అని. పెళ్ళినాడు మగవాడు అనే మాటల్లో సగం భోజనం తొందరలో అనేవే. కానీ అతని భార్య ఆ మాట మర్చిపోలేదు. "నాన్న నోటితో సరే అంటేనే వస్తాను. దొంగలా రాను" అంది. ఆమె అలా అంటే అంతే. మామ కూతురే కదా.

ఆ కొట్టుకో కట్టుబాటు ఉంది. అమ్మే ముందు కొనేవాడి ఎదురుగా నిలబడి బండి లోపాలన్నీ పైకి చెప్పాలి, గీత దగ్గర్నుంచి గేరు దాకా. చెప్పని లోపం తరవాత బయటపడితే అది చెప్పనివాడి మెడకి. దాంతోనే ఆ కొట్టుకి పేరొచ్చింది. "ఆయన దగ్గర కళ్ళు మూసుకుని కొనొచ్చు" అంటారు జనం. కళ్ళు మూసుకున్నవాళ్ళు అనే మాటే అది.

అల్లుడు చొక్కా చేతులు పైకి మడిచాడు.

"బాబాయ్, రెండు బకెట్లు పట్టు. ఒకటి నురుగుకి, ఒకటి జాడించడానికి."

ఆ షెడ్డు మెకానిక్కుని అందరూ పానా అంటారు, ఇంట్లోవాళ్ళు బాబాయ్ అంటారు. పానా పట్టీ పట్టీ ఆ మనిషే ఒక పానాలా వంగిపోయాడు. అల్లుడు పుట్టకముందు నుంచి ఆ షెడ్డులో ఉన్నాడు.

"దీనికి గ్లాసుడు నీళ్ళు చాలవా అల్లుడుగారూ?"

"చాలవు. రెండు బకెట్లు మన పద్ధతి. పద్ధతి తప్పితే అది కూడా లోపమే అంటారు, అదిగో, అక్కడినుంచి."

అక్కడ మామ ఉన్నాడు. విరిగిన కారులోంచి ఊడదీసిన ముందు సీటుని నాలుగు ఇటుకల మీద నిలబెట్టి, దాని మీద కూర్చుంటాడు. పొద్దున కూర్చుంటే పొద్దుపోయేదాకా అందులోంచే కొట్టు నడుపుతాడు, ఇల్లు నడుపుతాడు, కూతుర్ని, అల్లుణ్ణి నడుపుతాడు. బండి మాత్రం నడపడు. భార్య పోయిన దగ్గర్నుంచీ స్టీరింగు ముట్టలేదు. జనం దాన్ని దుఃఖం అనుకున్నారు. జాలిపడ్డారు. ఆ జాలిని ఆయన వద్దనలేదు.

పానా రెండు బకెట్లు తెచ్చి పెట్టాడు. అల్లుడు బండిని రెండు వేళ్ళతో పట్టుకుని నురుగులో ముంచాడు. బండి కనిపించకుండా పోయింది. కాసేపు బకెట్లో చెయ్యి పెట్టి వెతకాల్సి వచ్చింది.

"ఇలా మునిగిన బండిని మనం కొనం కదా?" అన్నాడు పానా.

"వరదలో మునిగిందని లోపాల్లో చెబుతాలే."

జాకీ బదులు అగ్గిపెట్టె పెట్టి బండిని ఎత్తాడు. పళ్ళ బ్రష్షుతో అడుగు తోమాడు. చెవిలో తిప్పుకునే పుల్లతో డ్యాష్‌బోర్డు తుడిచాడు. అది గోరంత ఉంది. దుమ్ము మాత్రం నిజం బండికి ఉన్నంత వచ్చింది. ఇక లోపల సీట్లు. ప్రతి బండికీ సీట్లు వాక్యూమ్ పట్టాలి. పద్ధతి. అల్లుడు గొట్టం దగ్గర పెట్టాడు, పానా స్విచ్చి వేశాడు. గుప్పున చప్పుడైంది. బల్ల మీద అగ్గిపెట్టె మిగిలింది.

"బండేదీ?" అన్నాడు పానా.

ఇద్దరూ గొట్టం వైపు చూశారు.

"బండిని దొంగలెత్తుకుపోవడం చూశాను" అన్నాడు పానా, "చీపురెత్తుకుపోవడం ఇదే మొదలు."

మిషను విప్పి, సంచీ దులిపి, బొచ్చులోంచి, ఇసుకలోంచి బండిని బయటికి తీశారు. మళ్ళీ కడగాల్సి వచ్చింది. మామ సీట్లోంచి చూస్తూనే ఉన్నాడు. ఆయన మొహంలో కండరం కదల్లేదు. కాలు మీద కాలు మాత్రం మార్చుకున్నాడు.

అప్పుడే భార్య వచ్చింది. ప్రయాణానికి కట్టుకున్న చీర మీద మసి అంటకుండా కొంగు చుట్టుకుని, ఒక పాత టైరు మీద కూర్చుంది.

"నా బండి ఎంతదాకా వచ్చింది?"

"కడుగుడు అయ్యింది. ఇప్పుడే వాక్యూమ్ కడుపులోంచి కాన్పు చేసి తీశాం."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ షెడ్డులో ఆమె నవ్వు విని ఎన్నాళ్ళయిందో. అల్లుడికి ప్రాణం లేచొచ్చినట్టైంది. ఈ నవ్వుని తీసుకుని సాయంత్రం బస్సెక్కాలి, అంతే, ఇంకేం వద్దు అనుకున్నాడు.

"జాగ్రత్తండీ, రంగు పోతుంది" అంది ఆమె. "అది నాన్న వేసిన రంగు."

అతనికి తెలుసు. పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నాడు. ఆమె చిన్నప్పుడు తల్లి పోయింది. కారు బ్రేకులు పట్టక గోడకి గుద్దుకుంది. ఎవరి తప్పూ లేదన్నాడు మామ. ఆ బండిని కళ్ళతో చూడలేక తుక్కు చేయించానన్నాడు. ఆ వారం పిల్ల అన్నం ముట్టలేదట. అప్పుడు మామ ఆమె పసుపుపచ్చ బొమ్మకారుని పట్టుకుపోయి, ఎర్రటి కొత్త రంగుతో తెచ్చి చేతిలో పెట్టి, "ఇదిగో నీ కొత్త బండి, తిను" అన్నాడట. ఆమె తిన్నది. మామ ఆమెకి చేసిన ముద్దు, మురిపెం వెతికితే అదొక్కటే. ఒక్కటే కాబట్టి దాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకుంది. మొగుడితో గొడవైనప్పుడల్లా దాన్నే బయటికి తీసేది. "మా నాన్నకి మాటలు రావు. చేతలొచ్చు" అనేది. ఆ ఒక్క చేత మీద ఆమె తండ్రి ఇన్నేళ్ళు బతికాడు.

"రంగు పోదులే" అన్నాడు అల్లుడు. "మెరుగు పెడితే ఇంకా తేలుతుంది."

మెరుగు మిషను ఆ బండి మీద పెడితే అది ఎగిరి పక్క వీధిలో పడుతుంది. అందుకని బొటనవేలికి మెత్తటి గుడ్డ చుట్టి, పాలిష్ చుక్క వేసి, వేలితోనే రుద్దాడు. ముందు బానెట్. తరవాత కప్పు. తరవాత డిక్కీ. ఏళ్ళ తరబడి పట్టిన జిడ్డు నల్లగా గుడ్డకి వచ్చింది. కింద రంగు తేలింది. అల్లుడు బండిని వెలుతురు వైపు తిప్పాడు.

వేలు ఆగిపోయింది.

బానెట్ ఇటుక రంగులో ఉంది. కప్పు దానికన్నా ముదురు. డిక్కీ పండిన నేరేడంత ముదురు ఎరుపు. మూడింటికీ మధ్య కత్తితో కోసినట్టు గీతలు. టేపు వేసి కొట్టిన గీతలు. ఎండ తగిలితే ముత్యపు పొడి మెరిసింది.

రంగు పని చేసేవాడెవడైనా దాన్ని చూసి ఒకటే మాట అంటాడు. ముత్యపు రంగు కొత్తగా కలిపినప్పుడు బండి మీద నేరుగా కొట్టరు. ముందు ఏదో ఒక రేకు ముక్క మీద కొడతారు. ఒక చోట ఒక కోటు, దాని పక్కన రెండు, ఆ పక్కన మూడు. ఎండలో పట్టుకుని, ఎన్ని కోట్లయితే బండికి నప్పుతుందో చూస్తారు. చూశాక ఆ ముక్కని పారేస్తారు.

కూతురి కోసం వేసే రంగైతే అన్ని వైపులా ఒకేలా వేస్తాడు. ఇది పరీక్ష ముక్క.

"ఏమైంది?" అంది భార్య.

"గుడ్డ నల్లబడింది. జాడించుకొస్తా. బాబాయ్, ఒకసారి రా."

షెడ్డు వెనక కుళాయి ఉంది. నీళ్ళు ధారగా వదిలి, ఆ చప్పుడు చాటున అల్లుడు బండిని పానా మొహం ముందు పెట్టాడు.

"ఈ రంగు మనం ఏ బండికి కలిపాం?"

పానా చూశాడు. అప్పటిదాకా మొహమ్మీద ఉన్న నవ్వు నీళ్ళతో పాటు పోయింది.

"ఇది ఆ అమ్మాయి దగ్గర ఉందా ఇన్నాళ్ళూ? పారేశాడనుకున్నా."

"ఏ బండికి బాబాయ్?"

"అడక్కు బాబూ."

"సాయంత్రం బస్సు ఉంది. అడక్క చస్తానా?"

పానా వెనక్కి తిరిగి చూసుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఒక్క బండికే. అమ్మగారు పోయిన బండికి. అది తుక్కుకి పోలా. ముందు భాగం సరిచేసి, లప్పం పెట్టి, తెలుపు మీద ఈ రంగు కొట్టి అమ్మేశాడు. కొన్నవాడికి ఒక్క లోపమూ చెప్పలేదు."

"మరి బ్రేకులు?"

"ఆ పొద్దున్నే చెప్పా ఆయనకి. పెడలు మెత్తగా పోతోంది, తియ్యకండని. 'బజారు దాకా వెళ్ళి రావడానికి ఏమవుతుందిలే' అని ఆయనే తాళం ఆమె చేతికిచ్చాడు." పానా కుళాయి కట్టేశాడు. "ఆ తరవాతే ఈ లోపాలు చెప్పే కట్టుబాటు పెట్టాడు. లోకం చెయ్యెత్తి దణ్ణం పెట్టింది."

దొంగే ఊరి తలుపులకి గడియలు బిగించే రకం. అల్లుడు గుడ్డ పిండాడు. నీళ్ళు రాకపోయినా పిండుతూనే ఉన్నాడు. ఇప్పుడు అర్థమైంది, పెద్ద పెద్ద కార్లు ఇన్ని ఉండగా మామ ఈ బొమ్మని ఎందుకు పెట్టాడో. రంగు సంగతి పట్టుకోలేకపోతే ఓడిపోతాడు. పట్టుకుంటే నోరు మెదపలేడు. ఏ మొగుడు పెళ్ళాంతో అంటాడు, నీ తండ్రి నీకు ముద్దు చెయ్యలేదు, నీ తల్లి పోయిన బండికి రంగు చూసుకున్న రేకు ముక్కని నీ చేతిలో పెట్టాడు అని? ఎటు తిరిగినా గోడే. ఎలుకల బోనుకి రెండు తలుపులుంటాయా?

"ఏం చేస్తావు?" అన్నాడు పానా.

"లోపాలు చెబుతా. ఉన్నవి బోలెడు."

షెడ్డులోకి వచ్చాడు. బండిని బల్ల మధ్యలో పెట్టాడు. కొనేవాడి వేషం పానాకి పడింది. ఏ కారు కొనడానికి వచ్చినట్టో నడుం మీద చేతులు పెట్టుకుని, పెదాలు తడుపుకుని నిలబడ్డాడు. భార్య టైరు మీద ముందుకి జరిగింది. మామ కాలు దించాడు.

"ఒకే ఓనరు బండి" అని మొదలుపెట్టాడు అల్లుడు. "ఎండకి పెట్టలేదు, వానకి పెట్టలేదు. మంచం కింద, నీడపట్టున ఉంచిన బండి. ఇక లోపాలు. ఇంజన్ లేదు."

"లేదా?" అన్నాడు పానా.

"లేదు. అందుకే పొగ రాదు. మైలేజీ అంటారా, ఎంత తోస్తే అంత. తోసేవాడు అలిసిపోతే అక్కడ ఆగుతుంది. వెనక ఎడమ చక్రం కంపెనీది కాదు. చొక్కా బొత్తాం."

"అది నాన్న చొక్కాదే" అంది భార్య.

"ఓనరమ్మ ఒప్పుకుంది. బొత్తాం పుణ్యమా అని బండి ఎడమకి లాగుతుంది. కుడికి వెళ్ళాలంటే చుట్టూ తిరిగి రావాలి. ముందు బంపరు మీద గాట్లున్నాయి. యాక్సిడెంటు కాదు. పంటి గాట్లు."

"నావే!" ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పళ్ళొచ్చేటప్పుడట."

"యాక్సిడెంటు కాదు" అన్న మాట తన నోటినుంచి ఎలా వచ్చిందో అల్లుడికే తెలియదు. మామ వైపు చూడలేదు. ఆగితే పడిపోతాననిపించి పరిగెత్తాడు.

"హారను లేదు. నడిపేవాళ్ళు నోటితోనే కొట్టుకోవాలి. అద్దాలు లేవు, కనక ఎప్పుడూ ఏసీయే. కుడి తలుపు తెరుచుకుంటుంది, ఎడమ తలుపు ఉత్త గీత. డిక్కీలో చచ్చిన చీమ దొరికింది. పాత డ్రైవరు అనుకుంటా."

"మరి కొత్త డ్రైవరో?" అన్నాడు పానా.

"ఉన్నాడు. బండితో పాటు ఉచితం. అదీ లోపమే. సీటూ వాడూ ఒకే పోత. దిగమన్నా దిగడు, దిగుదామన్నా దిగలేడు. చేతులు స్టీరింగు మీదే ఉంటాయి, స్టీరింగు మాత్రం తిరగదు. ఇల్లరికం వచ్చినట్టున్నాడు."

పానా పకపకా నవ్వబోయి, మామని చూసి దగ్గుగా మార్చుకున్నాడు. భార్యకి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వొచ్చింది. టైరు మీదనుంచి జారబోయి సర్దుకుంది. "అబ్బ, చాలండీ, కడుపు నొప్పి."

ఆ నవ్వు చినుకు చినుకుగా అల్లుడి మీద వేడి నూనెలా పడుతోంది. అడుగు రేకు తుప్పు అన్నాడు. లైట్లు ఉత్త చుక్కలన్నాడు. నంబరు పలక లేదు కాబట్టి ఏ పోలీసూ పట్టుకోలేడన్నాడు. చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు. మిగిలింది ఒక్కటే.

"అయిందా?" అన్నాడు మామ. పొద్దుట్నుంచీ ఆయన అన్న మొదటి మాట అది.

అల్లుడు గుడ్డని మడత పెట్టాడు.

"బాగా నవ్వించావు. మరి రంగు సంగతేంటి అల్లుడూ? బండన్నాక రంగు గురించి చెప్పకుండా ఎవరన్నా అమ్ముతారా?"

ముసలాయన కళ్ళు నిదానంగా ఉన్నాయి. నేను చెప్పనని తెలుసు ఈయనకి, అనుకున్నాడు అల్లుడు. పిల్లి ఎలుకతో ఇంత మర్యాదగా మాట్లాడదు.

"రంగుకేం లోపం నాన్నా?" అంది భార్య. "నువ్వు వేసిందే కదా."

"నిన్నడగలేదు. లోపాలు చెప్పేవాణ్ణి అడిగాను."

"మామయ్యా" అన్నాడు అల్లుడు. "రంగు గురించి మనిద్దరం తరవాత మాట్లాడుకుందాం."

"తరవాత ఉండదు. కొనేవాడు ఎదురుగా ఉన్నాడు. ఉంటే చెప్పు, లేకపోతే లేదను."

"లేదు" అన్నాడు అల్లుడు.

పానా నేల చూపులు చూస్తున్నాడు. మామ సీట్లో వెనక్కి వాలాడు.

"ఒక లోపం మిగిలింది. అదేంటో నాకు తెలుసు, అతనికీ తెలుసు. అమ్మాయీ, సంచులు లోపల పెట్టు."

"అదెలా కుదురుతుంది?" భార్య లేచింది. నవ్వింకా పెదాల మీద ఉంది, కళ్ళలో మాత్రం లేదు. "మిగిలిందంటే సరిపోతుందా? చూపించాలి. చూపించని లోపం లోపం కాదని నువ్వే అంటావుగా. రంగు నిక్షేపంలా ఉంది. ఇటు తెండి."

"వద్దు" అన్నాడు అల్లుడు.

అనకూడని మాట అది. ఆమె అతని మొహంలోకి చూసి, బల్ల మీది బండిని తనే తీసుకుంది. షట్టరు దగ్గరికి, ఎండలోకి వెళ్ళింది.

మామ అన్నీ లెక్కేసుకున్నాడు. అల్లుడి నోరు, అల్లుడి మెతకతనం, పెళ్ళాం మీద అతనికున్న ప్రేమ. అల్లుడి బొటనవేలిని మాత్రం లెక్క వెయ్యలేదు. కూతురి కంటికి కూడా గీతలు తేలేంత శ్రద్ధగా మెరుగు పెడతాడనుకోలేదు. ఇంకొకటి కూడా మర్చిపోయాడు. తల్లి లేని పిల్లని ఇంట్లో ఒంటరిగా వదల్లేక షెడ్డుకే తెచ్చేవాడు. ఖాళీగా ఎందుకుండాలని చేతికి ఏదో ఒక పని చెప్పేవాడు. రంగు కొట్టిన రేకు ముక్కల్ని ఎండలో పట్టుకుని నిలబడటం ఆ పిల్ల పని.

ఆమె బండిని అలాగే పట్టుకుంది. చెయ్యి చాచి, కాస్త పక్కకి వంచి. చిన్నప్పుడు నేర్పినట్టే.

బానెట్ చూసింది. కప్పు చూసింది. డిక్కీ చూసింది. గోటితో ఒక గీతని తడిమింది. ఇంకో గీతని తడిమింది. చాలాసేపు అటువైపు తిరిగే నిలబడింది. రోడ్డు మీద ఎవరో బండి ఆపి, ఏదో అడగబోయి, ఆమె మొహం చూసి సాగిపోయారు.

"ఒకటి, రెండు, మూడు" అంది, ఎవరితోనూ కాదు. తరవాత తిరిగింది.

"ఏ బండికి నాన్నా?"

మామ పానా వైపు చూశాడు.

"బాబాయ్, ఏ బండికి?"

పానా బకెట్ల వైపు నడిచాడు. బకెట్లలో ఏముంది, మురికి నీళ్ళు.

ఆమె మొగుడి ముందుకొచ్చి నిలబడింది. "మీరు చెప్పండి. లోపాలు చెప్పేది మీరేగా ఇక్కడ."

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఏ ఇంటికి?"

సీట్లోంచి మామ గొంతు వినిపించింది. "చెప్పు అల్లుడూ. చెబితే నువ్వు గెలిచినట్టే. కట్టుబాటు కట్టుబాటే. వెళ్ళిపోవచ్చు."

అంతదాకా వచ్చాక కూడా ఆయన వల విసురుతూనే ఉన్నాడు. అలాంటివాళ్ళు చితి మీద కూడా బేరమాడతారు. అల్లుడు భార్య కళ్ళలోకి చూశాడు. ఇప్పుడు అబద్ధం చెబితే ఆమె నమ్మదు. నిజం చెబితే ఆమె మిగలదు. మూడోది ఏదన్నా ఉంటుందేమోనని షెడ్డంతా చూశాడు. విప్పిన బండ్లు, విప్పని బండ్లు.

"అత్తయ్య పోయిన బండికి" అన్నాడు.

ఆమె తల ఊపింది. ముందే తెలిసిన మాటకి ఊపినట్టు.

"తుక్కు చెయ్యలేదు. రంగు మార్చి అమ్మారు. బ్రేకులు బాగోలేదని ఆ పొద్దున్నే తెలుసు."

"ఎవరికి తెలుసు?"

అల్లుడు సీటు వైపు చూశాడు. ఆమె చూడలేదు.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఇందాక. కుళాయి దగ్గర."

"అంటే లోపాలు చెప్పే ముందు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. "తెలిసే నవ్వించారన్నమాట. నేను నవ్వుతుంటే చూస్తూ నిలబడ్డారు."

"నిన్ను తీసుకుపోదామని..."

"తెలుసు."

మామ సీటు అంచుల మీద బరువు వేసి లేవబోయాడు. "గెలిచాడు. నేను మాట తప్పను. వెళ్ళండి ఇద్దరూ. బస్సు వేళైంది." ఆ మనిషి నోటినుంచి వెళ్ళమనే మాట ఆ తొందరతో రావడం అల్లుడు ఎన్నడూ వినలేదు. కూతుర్ని ఎన్నడూ గడప దాటనివ్వని మనిషి, ఆమె ఎంత త్వరగా కళ్ళముందునుంచి పోతే అంత మంచిదన్నట్టు సంచుల వైపు చెయ్యి చూపిస్తున్నాడు.

ఆమె సంచుల దగ్గరికి వెళ్ళింది. తన సంచీ తీసుకుంది. అల్లుడు తన సంచీ వైపు కదిలాడు. సంచీ మోసుకుంటూ ఆమె మామ సీటు దాకా వచ్చి, ఆయన పాదాల దగ్గర దాన్ని దించింది.

"నేను వెళ్ళను నాన్నా."

"అదేంటే? పొద్దుట్నుంచీ వెళ్తానని..."

"పొద్దున నీకు నేనంటే ప్రేమనుకున్నా. అలాంటి తండ్రిని వదిలి పోతున్నానని ఏడ్చుకుంటూ సర్దుకున్నా. ఇప్పుడు ఏడుపు లేదు, తొందరా లేదు. ఆ బండి ఎవరికి అమ్మావో చెప్పేదాకా ఇక్కడే ఉంటా. పొద్దున లేస్తే అడుగుతా. నువ్వు అన్నానికి కూర్చుంటే అడుగుతా. ఎవడైనా బండి కొనడానికొస్తే వాడి ముందు అడుగుతా."

"ఎప్పటి మాటో అది. ఎవడో దారిన పోయేవాడు కొన్నాడు. నాకు గుర్తులేదు."

"గుర్తుంది. నీకు కొన్నవాడి చెప్పుల రంగు కూడా గుర్తుంటుంది. చెప్పని లోపం చెప్పనివాడి మెడకి. నీ మాటే."

ముసలాయన మళ్ళీ సీట్లో కూలబడ్డాడు. ఆ సీటు ఆయనకి ఇప్పుడు కాస్త ఇరుకైనట్టు కనిపించింది. పానా వైపు చూశాడు. పానా లేడు. మురికి నీళ్ళ బకెట్లు పట్టుకుని వెనక దారిన పోయాడు.

వీధి చివర బస్సు హారను వినిపించింది.

ఆమె షట్టరు దగ్గరికి వెళ్ళి, పైనున్న కొక్కేన్ని రెండు చేతులా పట్టుకుని కిందికి లాగింది. తుప్పు పట్టిన రేకు కీచుమని దిగింది. ఎండ నేల మీద సన్నబడుతూ వచ్చింది. నడుం ఎత్తున ఆగింది. ఆమె ఆపింది.

"వెళ్ళమనే మాట దొరికిందిగా మీకు. నలుగురి ముందు మీరిచ్చిన మాట ఈ రోజుతో తీరిపోయింది. వెళ్ళొచ్చు, నేనేమీ అనుకోను." ఆమె మొగుడి వైపు తిరగలేదు. రెండు చేతులూ కొక్కెం మీదే ఉన్నాయి. "మీరు లోపలుంటారా, బయటుంటారా? చెప్పండి. నేను తలుపేసుకోవాలి."

రెండోసారి హారను మోగింది. అల్లుడు వంగి, షట్టరు కింద నుంచి వీధిని చూశాడు. బయటినుంచి ఎవరో అతనికన్నా ముందే వంగి లోపలికి చూస్తున్నారు.

"ఇదేనా కొట్టు?" అంది ఒక ఆడగొంతు. "లోపాలన్నీ చెప్పి అమ్ముతారంటగా. ఒక పాత బండి గురించి అడగాలి. ఎర్రది."

మామ సీటు కింద ఒక ఇటుక పక్కకి ఒరిగింది.